అచ్చులో లేని పొత్తం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పాత లెక్క మిషను పద్ధతుల్ దెల్పెడు
పొత్త మొకటి యెచట పొందవచ్చు
నచ్చు లేదటంచు నంగడు లన్నియు
వెదకువాని నవ్వి వెళ్ళగొట్టె

అవతారిక. కవి ఎవరో తెలియదు, తెలిసినా ఒప్పుకోడు. పద్యంలోని వెదకువాడు మాత్రం లోకంలో అక్కడక్కడా కనిపించే మనిషే. 1970లలో అమెరికాలో పుట్టిన ప్రోగ్రామబుల్ పాకెట్ కాలిక్యులేటర్ల మీద అప్పట్లో అచ్చయి, ఇప్పుడు ఎక్కడా దొరకని పుస్తకాల కోసం తిరుగుతుంటాడు. ఇతణ్ణి లోకం పిచ్చివాడంటుంది. ఆ మాట మూలంలో లేదు కనుక టీకాకారుడు అనకూడదు. మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టిన మల్లినాథ సూరి మన మెదక్ సీమవాడే. ఆ ప్రతినను ఈ టీక యథాశక్తి పాటిస్తుంది, పాటించలేనిచోట గొంతు పెంచి దాటేస్తుంది.

పాత లెక్క మిషను. కాలిక్యులేటరు అని అందరూ అనే మాట ఉండగా కవి ‘లెక్క మిషను’ అన్నాడేమని శంక. ఛందస్సులో పట్టలేదంటే కుదరదు. కాలిక్యులేటరు అంటే ఒక తగణం, ఒక భగణం. ఆటవెలది మొదటి పాదం చివర రెండు ఇంద్రగణాలుగా కుదురుగా కూర్చుంటుంది. కూర్చోనివ్వనిది యతి. ‘పా’కీ ‘కా’కీ మైత్రి లేదు. ‘పాత’ను వదులుకుంటే కాలిక్యులేటరు దక్కేదే, కానీ పద్యం నిలిచిందే ఆ ‘పాత’ మీద. ఎంత పాత అంటారా? 1972లో హ్యూలెట్-ప్యాకర్డ్ తెచ్చిన హెచ్‌పీ-35 సైన్లూ లాగరిథమ్‌లూ చెప్పేది గాని, ఏ వరుసలో మీటలు నొక్కారో గుర్తుపెట్టుకునేది కాదు. 1974 నాటి హెచ్‌పీ-65 గుర్తుపెట్టుకుంది. 100 స్టెప్పుల ప్రోగ్రాం, దాన్ని సన్నని మాగ్నెటిక్ కార్డు మీద రాసి దాచుకునే వీలు, ధర 795 డాలర్లు. 1975లో అపోలో–సోయుజ్ యాత్రలో అమెరికన్ వ్యోమగాముల వెంట అంతరిక్షానికీ వెళ్ళొచ్చింది. అదే ఏడు వచ్చిన హెచ్‌పీ-25 చాలా చవక; దానికి కార్డు లేదు, స్టెప్పులు 49. తర్వాత 1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-59 స్టెప్పుల సంఖ్యను 960 దాకా తీసుకుపోయింది, 1979లో హెచ్‌పీ-41సీ అంకెలతోపాటు అక్షరాలూ చూపింది. ఈ పట్టిక వర్ణన కోసం ఇవ్వలేదు. వీటిలో 49 అనే అంకెను పాఠకుడు చేత పట్టుకుని ఉంటే చాలు, దానితో పని ఉంది.

పద్ధతుల్ దెల్పెడు పొత్తము. ఇక్కడే పూర్వవ్యాఖ్యాతలంతా తప్పటడుగు వేస్తారు. యంత్రం మూలమనీ, పుస్తకం దానికి టీక అనీ, మూలం పోయాక టీక ఎవరికి కావాలనీ వారి వాదం. సిద్ధాంతం దీనికి తలకిందులు: పుస్తకమే మూలం, యంత్రం దాన్ని చదివే గొంతు మాత్రమే. నిదర్శనం హెచ్‌పీ-25. దాన్ని ఆపితే అందులో ఉన్న ప్రోగ్రాం మాయం. మళ్ళీ కావాలంటే 49 స్టెప్పులూ కాగితం చూసి ఒక్కొక్కటిగా నొక్కవలసిందే. (ఆపినా మరవని 25సీ మరుసటి ఏడు గాని రాలేదు.) స్విట్జర్లాండ్ గణితవేత్త పీటర్ హెన్రిచి 1977లో ఈ ఒక్క యంత్రం కోసమే పుస్తకం రాశాడు, వైలీ సంస్థ అచ్చువేసింది. బహుపదుల మూలాలు, అవకలన సమీకరణాలు, బెసెల్ ప్రమేయాలు, చివరికి రీమాన్ జీటా దాకా అన్నిటినీ ఆ 49లోనే ఇమిడ్చాడు. యంత్రం ఆ గణితాన్ని ఒక పూటైనా నిలుపుకోలేదు, పుస్తకం దాదాపు యాభై ఏళ్ళుగా మోస్తోంది. వీటిలో ఏది మూలమో వేరే చెప్పాలా?

కార్డు ఉన్న యంత్రాల సంగతేమిటి, కార్డే మూలం కావచ్చు కదా అని ఆక్షేపణ. కావచ్చు, చదివేవాడు బతికి ఉంటే. హెచ్‌పీ-65లో, తర్వాతి 67, 97లలో, 41కి తగిలించే కార్డు రీడరులో కార్డును లోపలికి లాగేది ఒక చిన్న రబ్బరు చక్రం. ఏళ్ళు గడిచేసరికి ఆ రబ్బరు కరిగి పాకం అవుతుంది. కార్డు పెడితే బయటికి రావడం అటుంచి, ఆ జిగురు పూసుకుని అక్కడే చిక్కుకుంటుంది. చక్రం మార్చి బాగుచేసే ఓపికమంతులు ఉన్నారు గాని, కార్డు మీది అయస్కాంతపు రాత అప్పటిదాకా చెదరకుండా ఉంటుందన్న పూచీ ఎవరూ ఇవ్వరు. కాగితానికి చెదలు భయం ఉంది, ఒప్పుకోవాలి. అయినా చెద తిన్న పుటలో మిగిలిన సగం చదవవచ్చు. సగం చెరిగిన కార్డు ఏమీ చెప్పదు.

ఇంతకన్నా గట్టి నిదర్శనం హెచ్‌పీ-41 సాహిత్యంలో ఉంది. విలియం విక్స్ అనే భౌతికశాస్త్రవేత్త 1980లో ‘సింథటిక్ ప్రోగ్రామింగ్ ఆన్ ది హెచ్‌పీ-41సీ’ అనే చిన్న పుస్తకం తెచ్చాడు. మీటలు నొక్కి పుట్టించే వీలులేని, కంపెనీ మాన్యువల్‌లో మాటవరసకైనా లేని ఆజ్ఞలను ఆ యంత్రం చేత ఎలా పాటింపజేయాలో అందులో ఉంది. యంత్రాన్ని ఎన్నేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా ఆ సంగతి అది తనంతట చెప్పదు; తయారుచేసినవారు చెప్పలేదు; పుస్తకం చెప్పింది. (రాసినవాణ్ణి తర్వాత ఆ కంపెనీయే ఉద్యోగంలోకి తీసుకుంది. టీకాకారులకు ఇలాంటి గౌరవం అరుదుగా దక్కుతుంది.) ఇక్కడ ప్రతివాది పీపీసీ క్లబ్బును తెచ్చి ఎదురు నిలబెడతాడు. రిచర్డ్ నెల్సన్ 1974లో హెచ్‌పీ-65 వాడుకరుల కోసం మొదలుపెట్టిన ఆ సంఘం, 1981లో తమ ప్రోగ్రాములు ఎన్నో కలిపి 8 కిలోబైట్ల రోమ్ (ఆర్‌ఓఎమ్) చిప్‌గా చేయించుకుని, దానికి దాదాపు 500 పేజీల మాన్యువల్ రాసుకుంది. ఇక్కడ చిప్పే కదా మూలం? కాదు. ఆ చిప్పులోకి ఎక్కినవాటిలో చాలాభాగం సభ్యులు తమ పత్రికలో అచ్చువేసుకుని, ఒకరినొకరు దిద్దుకుని, ఒక స్టెప్పు తగ్గించినందుకు మురిసిపోయిన రాతలే. పుస్తకం చిప్పయింది, చిప్పుకు మళ్ళీ పుస్తకం పుట్టింది. మూలానికి భాష్యం, భాష్యానికి టిప్పణం అనే మన వరుసకు ఇంత చక్కని ఉదాహరణ విద్యుత్ పరికరాల్లో మరొకటి లేదు.

యెచట పొందవచ్చును. పద్యంలో ప్రశ్న ఉంది, జవాబు లేదు. జవాబు చెప్పడం టీకాకారుడి ధర్మం. యంత్రం పేరుతో వెతికేవాడికి యంత్రమే దొరుకుతుంది, లేదా యంత్రంతో వచ్చిన మాన్యువల్ దొరుకుతుంది. అసలు పుస్తకాలు ఆ పేరుతో తిరగవు. జాన్ స్మిత్ 1975లో రాసిన పుస్తకం శీర్షికలో ఉన్నది ‘పాకెట్ కాలిక్యులేటర్’; ప్రోగ్రామబుల్ అన్న మాట లేదు. 1978లో జాన్ బాల్ రాసినదాని శీర్షికలో ‘ఆర్‌పీఎన్’ (హెచ్‌పీ యంత్రాలు లెక్క తీసుకునే పద్ధతి పేరు) అన్న మూడక్షరాలే గుర్తు. బెల్జియం ఖగోళవేత్త జాన్ మేయుస్ కాలిక్యులేటర్ల కోసం రాసిన ఖగోళ సూత్రాల పుస్తకమూ, 1979లో కేంబ్రిడ్జి అచ్చువేసిన పీటర్ డఫెట్-స్మిత్ పుస్తకమూ లైబ్రరీలో కంప్యూటర్ల అరకు వెళ్ళకుండా నక్షత్రాల అరలో కూర్చుంటాయి. అందుచేత వెదకువాడు తన యంత్రాన్ని కాసేపు మరిచిపోయి, దానితో ఆనాడు ఎవరికి ఏం పని పడిందో తలచుకోవాలి: భూమి కొలిచే సర్వేయరు, ఓడ దారి చూసుకునే నావికుడు, గ్రహణం గుణించేవాడు. పుస్తకం వాళ్ళ అరలోనే ఉంటుంది. క్లబ్బుల ప్రచురణల సంగతి మరీ కష్టం. రచయితలు ప్రచురణకర్త లేకుండానే పుస్తకాలు వెలువరించారు కనుక కేటలాగులో వాటి జాడ తరచు ఉండదు.

అచ్చు లేదటంచు. పై పాదంలోని ద్రుతం వచ్చి ‘నచ్చు’ అయింది. నచ్చడంతో సంబంధం లేదు, అంగడివాడికి నచ్చదనే ధ్వని ఉంటే ఉండుగాక. అచ్చు లేదన్న మాట ఎంత నిజమో విచారించాలి. మేయుస్ పుస్తకం 1991లో ‘ఆస్ట్రనామికల్ అల్గారిథమ్స్’ అనే పెద్ద గ్రంథానికి దారి ఇచ్చి తప్పుకుంది. డఫెట్-స్మిత్‌ది 2011 కూర్పులో శీర్షికకు స్ప్రెడ్‌షీటును తగిలించుకుని వేషం మార్చింది. వీటి విషయంలో లేదన్న మాట సగమే సత్యం. గణితం బతికే ఉంది, పాత అట్ట మాత్రం పోయింది. ఇక పూర్వపక్షి అసలు బాణం తీస్తాడు: మాన్యువళ్ళూ పుస్తకాలూ ఎన్నో స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉన్నాయి, పాత యంత్రాన్ని ఫోన్‌లోనే అనుకరించే ఎమ్యులేటర్లూ ఉన్నాయి, ఇక ఈ తిరుగుడు దేనికి? ఇది బలమైన ఆక్షేపణ. చదివి ఊరుకునేవాడికి స్కాన్ చాలు, ఆ మేరకు పద్యం అతిశయోక్తి అని ఒప్పుకోవలసిందే. కానీ చదివి ఊరుకోని పుస్తకాలు ఇవి. హెచ్‌పీ-25 ప్రోగ్రాంలో మీట పేరు బదులు అంకెల జంట కనబడుతుంది. వరుసలో ఎన్నోది, ఆ వరుసలో ఎన్నో మీట అని దాని అర్థం. మసక స్కాన్‌లో 3 కాస్తా 8 అయిందంటే మీట మారింది, లెక్క తప్పింది. కథల పుస్తకంలో ఒక అక్షరం పోతే అర్థం చేసుకుంటాం. 49 స్టెప్పుల్లో ఒకటి పోతే అర్థం చేసుకునేవాడెవడూ లోపల లేడు.

ఈ కష్టానికి మందు మన దగ్గర ఎప్పుడో ఉంది. తెలుగు కావ్యాలకు బ్రౌన్ దొర ఒక్క తాటాకు ప్రతిని నమ్మలేదు; దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పాఠాలు పోల్చి చూపించాడు. ఈ పుస్తకాలకూ అదే పద్ధతి కావాలి, అందుకు ప్రతులు కావాలి, అందునా వాడిన ప్రతులు. అంగడివాడు ‘లోపల పెన్సిల్ రాతలు ఉన్నాయి’ అని లోపంగా రాసి ధర తగ్గిస్తాడు. ఈ టీక దృష్టిలో అదే ఆ ప్రతికి భూషణం. ముద్రారాక్షసాన్ని పట్టుకుని పక్కన సరైన మీట రాసినవాడు, ఆ ప్రోగ్రామును నిజంగా నడిపి చూసినవాడు. గీత పడని తెల్లని ప్రతిని ఎవరూ నడపలేదన్నమాట. అది పరీక్షకు నిలవని పాఠం. పుస్తకాన్ని పాలిథీన్ సంచిలో దాచి పెట్టుకునే సేకర్తలకు ఈ మాట రుచించదు. వారికోసం ఈ పద్యం రాయలేదు.

నవ్వి. నవ్వు ఎందుకు? లేని యంత్రానికి పుస్తకం ఎందుకన్న తర్కం అంగడివాడిది. అతని వ్యాపారానికి అది సరైన తర్కమే, దానితో పేచీ లేదు.

పాఠాంతరం. నాలుగో పాదానికి ‘వెదకువాని నుండి వేలు గుంజె’ అని మరో పాఠం ఉంది. గణాలు సరే, యతీ సరే. ఛందస్సు తీర్పు చెప్పదు, చరిత్రే చెప్పాలి. ఒకప్పుడు తూకానికి పోయిన పుస్తకానికి ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేలకు వేలు చెప్పడం కళ్ళారా కనబడుతోంది కనుక రెండోదే అసలు పాఠమని కొందరు. వారు ధరను అరుదుతనానికి సాక్ష్యంగా తీసుకుంటున్నారు, ఆ సాక్షి నమ్మదగినవాడు కాడు. 2011లో అమెజాన్‌లో ఈగ పుట్టుక గురించిన ఒక పాత జీవశాస్త్ర గ్రంథం ధర 2 కోట్ల 30 లక్షల డాలర్లు దాటింది. ఆ ధరకు కొన్నవాడు లేడు. ఇద్దరు అమ్మకందారుల ప్రోగ్రాములు ఒకదాని ధర చూసి మరొకటి పెంచుకుంటూ పోయాయి, అంతే. అందులో ఒకరి దగ్గర అసలు పుస్తకమే లేకపోయి ఉండవచ్చని, ఎవరైనా కొంటే రెండోవారి దగ్గర కొని పంపుదామన్న ఎత్తుగడ అని ఆ ధరలను గమనించినవారు ఊహించారు. కాబట్టి రెండు పాఠాలకూ మూలం ఒకటే: అంగడికి పుస్తకంలో ఏముందో తెలియకపోవడం. తెలియక వెళ్ళగొట్టింది, తెలియకే గుంజింది. టీకాకారుడు మొదటి పాఠాన్నే ఉంచుతున్నాడు. కారణం పాండిత్యం కాదు, ‘నవ్వి’ అన్న మాట రెండో పాఠంలో నిలబడదు, నవ్వుతూ వేలు గుంజే అంగడి గురించి కవి వేరే పద్యం రాసి ఉండాలి.

వెళ్ళగొట్టె. అంగళ్ళు అనేకం, క్రియ చూడబోతే ఏకవచనంలా ఉంది. అమహద్బహువచనానికి ఇది చెల్లుతుందని వ్యాకరణం సర్దిచెబుతుంది. కవి అంతకన్నా లోతుగా పలికాడు. పది సైట్లలో పది ధరలకు కనిపించే పుస్తకం వెనుక చాలాసార్లు ఒకే ఊళ్ళో ఒకే అలమారులో ఒకే ప్రతి ఉంటుంది. మిగతా తొమ్మిదీ దాని నీడలు. అసలు అంగడి ఏదో కనిపెట్టే ఉపాయం పద్యంలో లేకపోయినా భావం నుంచి లాగవచ్చు. ఫలానా అధ్యాయంలో మొదటి ప్రోగ్రాం ఆఖరి స్టెప్పు ఏమిటో చెప్పమనీ, ఆ పుట ఫోటో పంపమనీ రాయాలి. పుస్తకం చేతిలో ఉన్నవాడు మరునాడో మూడోనాడో విసుక్కుంటూ పంపుతాడు, పెన్సిల్ రాతలున్నందుకు క్షమాపణ కూడా చెబుతాడు.