ఆదాయం 44, వ్యయం 54

ఉగాది నాడు సిద్ధాంతిగారు పంచాంగం విప్పి రాశుల వారీగా ఫలాలు చదువుతారు. అదే పద్ధతిలో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ రాశికి 2024–25 సంవత్సర ఫలం చిత్తగించండి. ఆదాయం 44, వ్యయం 54. రాజపూజ్యం 11, అవమానం 18. కొట్టిన గోల్స్ 44, తిన్నవి 54. గెలిచిన మ్యాచ్‌లు 11, ఓడినవి 18, మిగిలిన 9 డ్రా. మొత్తం 42 పాయింట్లు, ఇరవై జట్లలో పదిహేనో స్థానం. 1973–74లో కింది డివిజన్‌కు జారిపోయాక ఆ క్లబ్ ఇంత అడుగున ఎన్నడూ తేలలేదు. ఆ జనవరిలో సొంత మైదానంలో బ్రైటన్ చేతిలో 3–1తో ఓడాక, క్లబ్ చరిత్రలో బహుశా ఇదే అధ్వానమైన జట్టు అని కోచ్ రూబెన్ అమోరిమ్ స్వయంగా ఒప్పుకున్నాడు.

పెళ్ళికొడుకు తండ్రే "మావాడు తాగుతాడండీ" అని చెప్పేశాక ఇక సంబంధం కుదురుతుందా? కుదురుతుంది. ఆగస్టు రావాలి, అంతే.

ఆగస్టు ఫాంటసీ సిద్ధాంతుల నెల. ఆట తెలియని వాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో మన చేతికి 100 మిలియన్ పౌండ్లు ఇస్తారు, కాగితం మీద. దాంతో ఇద్దరు గోల్‌కీపర్లు, అయిదుగురు డిఫెండర్లు, అయిదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు, వెరసి పదిహేను మందిని కొనుక్కోవాలి. అక్కడ వాళ్ళు గోల్ కొడితే ఇక్కడ మనకు పాయింట్లు. ఒక క్లబ్ నుంచి ముగ్గురికి మించి కొనకూడదు. ఈ నియమం పెట్టినవాడెవడో గాని యునైటెడ్ అభిమానుల మీద జాలి ఉన్నవాడు. ప్రపంచంలో కోటి మందికి పైగా ఆడతారు. ఆడే ప్రతివాణ్ణీ మేనేజరనే అంటారు. ఆఫీసులో పదేళ్ళుగా ప్రమోషన్ రానివాడికి ఇంతకంటే ఏం కావాలి?

2025 ఆగస్టులోనే మన పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మా ఆటలో పైసా పెట్టేది లేదు కనక ఆ చట్టం మా జోలికి రాలేదు. డబ్బు పోకుండా చట్టం చూడగలదు. బుద్ధి పోగొట్టుకుంటానని ముచ్చటపడే వాణ్ణి ఏ చట్టం ఆపుతుంది?

ఇక ఎవరిని కొనాలో జోస్యం చెప్పే ఈ ఆట సిద్ధాంతుల విద్య చూడండి. పదిహేనో స్థానంలో పడి ఉన్న జట్టులోంచి శుభశకునాలు ఏరడం సామాన్యమైన పని కాదు.

మొదటి శకునం, యూరప్ మ్యాచ్‌లు లేకపోవడం. 2025 మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ జరిగింది. యునైటెడ్ 1–0తో ఓడింది. ఎవరి చేతిలో? అదే సీజన్‌లో లీగ్‌లో పదిహేడో స్థానంలో నిలిచిన టాటెన్‌హామ్ చేతిలో. దాంతో యూరప్ గడప తొక్కే అర్హత పోయింది. సిద్ధాంతి దీన్నే తిరగేసి చదివాడు. వారం మధ్యలో మ్యాచ్‌ల బెడద లేదు, కాళ్ళు తాజాగా ఉంటాయి, శని ఆదివారాల్లో చెలరేగిపోతారు! "అబ్బాయికి ఉద్యోగం పోయిందండీ, ఇక ఇంటిపట్టునే ఉంటాడు, అమ్మాయిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు" అన్న పెళ్ళిళ్ళ పేరయ్య ఈయన ముందు శిష్యుడు.

రెండోది, సన్నాహక మ్యాచ్‌లు. వేసవిలో అమెరికాలో నాలుగు ప్రీమియర్ లీగ్ జట్లు సరదాగా ఆడుకున్న టోర్నీలో యునైటెడ్ పైచేయి సాధించింది. వెంటనే సిద్ధాంతి పూనకం పట్టి ఊగాడు. వీక్లీ టెస్టు మార్కులు చూసి ఐఐటీ ర్యాంకు హోర్డింగు అచ్చు వేయించే కార్పొరేట్ కాలేజీ మన ఊళ్ళలోనే ఉంటుందనుకున్నాను.

మూడోది, రంగు గళ్ళు. ఎవరితో ఎప్పుడు ఆడాలో చూపే పట్టికలో సులువైన మ్యాచ్‌కు పచ్చ, గడ్డు మ్యాచ్‌కు ఎరుపు వేస్తారు. ఆర్సెనల్‌తో మొదటి మ్యాచ్ ఎరుపే, కానీ ఆ వెనకే ఫుల్‌హామ్, బర్న్‌లీ. "అటు చూడండి పచ్చగా!" అన్నాడు సిద్ధాంతి. పట్టికలో పచ్చగా కనిపించేది మనమూ కావచ్చని, అవతలి జట్ల అభిమానులు యునైటెడ్‌ను చూసి అదే పచ్చ రంగు పూసుకుంటున్నారని ఆయన చెప్పలేదు.

ఆయన వాక్యాల్లో ఎక్కడ వెతికినా దొరకనిది బాధ్యత. "గాయాల బెడద లేకపోతే", "కొత్తవాళ్ళు కుదురుకుంటే", "కోచ్ పద్ధతి ఒంటబడితే". అత్తకు మీసాలొస్తే మామ అయ్యే లెక్క. గెలిస్తే ముందే చెప్పాను అంటాడు. ఓడితే "అయితే గియితే అని రాశాను కదా, చదవలేదా?" అంటాడు. 2013 మేలో ఇరవయ్యో టైటిల్‌తో అలెక్స్ ఫెర్గూసన్ ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఇదే పాఠం, పేర్లే వేరు. మోయెస్, వాన్ గాల్, మొరీనియో, సోల్షార్, టెన్ హాగ్, అమోరిమ్. "ఫలానావాడు వచ్చాక క్రమశిక్షణ వచ్చింది, ఫలానావాణ్ణి కొన్నాక దాడి పదునెక్కింది, ఈసారి మొదటి నాలుగు స్థానాల్లో ఉండాలి." ఖాళీలు పూరించుకోండి, పన్నెండేళ్ళకు సరిపోతుంది.

సిద్ధాంతిని తిట్టాను గాని, నమ్మినవాడి సంగతి? నమ్మినవాణ్ణి నేనే.

ఆగస్టు 15, శుక్రవారం. సెలవు. మొదటి వారం జట్టు ఖరారు చేసే గడువు మన గడియారం ప్రకారం రాత్రి 11 గంటలు. పదిన్నరకు ఫోన్‌లో ఆకుపచ్చ మైదానం, దాని మీద పదకొండు చొక్కాలు, కింద బెంచీ మీద నాలుగు. గోల్స్ వీరుడు హాలండ్ ధర 14 మిలియన్లు. ఆ ఒక్కణ్ణి తీసేస్తే చేతిలో ఎంత మిగులుతుందో మూడుసార్లు కూడాను. పక్కన మా బావమరిది.

"ఒరే బావా, హాలండ్‌ను తీసేస్తున్నావా?"

"అందరి దగ్గరా ఉన్నాడురా. అందరి దగ్గరా ఉన్నవాడితో మనం పైకెలా పోతాం?"

"అందరి దగ్గరా ఎందుకున్నాడో ఆలోచించావా?"

ఆలోచించలేదు. యునైటెడ్ వాళ్ళను ముగ్గురిని కొన్నాను: ఎంబ్యూమో 8, కున్యా 8, బ్రూనో ఫెర్నాండెస్ 9. వెరసి 25. ఉన్న ఆస్తిలో సరిగ్గా నాలుగో వంతు, పదిహేనో స్థానంలో నిలిచిన క్లబ్ మీద. ఇంట్లో కందిపప్పు కొనాలంటే రెండు దుకాణాల్లో ధర అడిగే మనిషిని నేను. మర్నాడు హాలండ్ వుల్వ్స్ మీద రెండు గోల్స్ కొట్టాడు. బావమరిది ఏమీ అనలేదు. టీ పెట్టించుకుని తాగాడు, నిదానంగా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా తెలివితక్కువతనానికి ఒక ఓదార్పు దొరికింది. ఆ క్లబ్ కూడా సరిగ్గా నాలాగే ఆలోచించింది. అంతకుముందు సీజన్‌లో బ్రెంట్‌ఫర్డ్‌కు ఎంబ్యూమో 20 లీగ్ గోల్స్ కొట్టాడు, వుల్వ్స్‌కు కున్యా 15 కొట్టాడు. 44 గోల్స్ కొట్టిన ఇంటికి 35 గోల్స్ తెచ్చుకుంటే 79 అవుతాయని వేళ్ళ మీద కూడుకున్నారు. ఇది ఫుట్‌బాల్ లెక్క కాదు, కిరాణా కొట్టు లెక్క. బ్రెంట్‌ఫర్డ్‌లో పెనాల్టీలు ఎంబ్యూమోవి, ఇక్కడ బ్రూనోవి. వుల్వ్స్‌లో ఆట కున్యా చుట్టూ తిరిగేది, ఇక్కడ అమోరిమ్ గీసిన గీతల చుట్టూ కున్యా తిరగాల్సి వచ్చింది. గోల్ మనిషితోపాటు బస్సెక్కి రాదు. దాని వెనకున్న పాస్, ఆ పాస్‌కు ముందున్న పరుగు, ఆ పరుగుకు అలవాటుపడిన పదిమంది పాత ఊళ్ళోనే ఉండిపోతారు. పోయినేడు మామిడికాయలు బాగా కాసిందని చెట్టు కొనేసి, వేళ్ళు అక్కడే వదిలి కొమ్మలు మాత్రం లారీలో వేసుకొచ్చినట్టు.

నేను పోగొట్టుకున్నవి కాగితం పౌండ్లు. వాళ్ళు కున్యాకు 62.5 మిలియన్లు, ఎంబ్యూమోకు అదనపు చెల్లింపులు కాక 65 మిలియన్లు అసలు పౌండ్లే కట్టారు. అదే ఏడాది క్లబ్ ఖర్చు తగ్గించుకుంటోందని ఉద్యోగులను తీసేశారు, ఉచిత భోజనం ఎత్తేశారు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పనిచేసేవాడికి మధ్యాహ్నం పూట పండ్లే గతి అయ్యాయి. గుమాస్తా కంచంలో మిగిలేదంతా ఇంకో స్ట్రైకర్ కాలి వేలికి కూడా చాలదు. అయినా పొదుపు పొదుపే.

ఇంతా కొని మధ్యలో ఒక్కణ్ణి కొనలేదు. అమోరిమ్ పద్ధతిలో వెనక ముగ్గురు ఉండేవారు, నడిమధ్య ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకడు 33 ఏళ్ళ కాసెమీరో. రెండోవాడు బ్రూనో, మనం గోల్స్ కోసం తొమ్మిది మిలియన్లు పోసి కొనుక్కున్న బ్రూనో. గోల్‌కు దగ్గరగా ఉండాల్సినవాణ్ణి వెనక్కి లాగి కాపలా పెట్టారు. దీనికీ సిద్ధాంతి దగ్గర పరిహారం ఉంది. ఆ ఏడు కొత్త రూలు వచ్చింది: మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో పన్నెండుసార్లు బంతిని అడ్డుకోవడమో లాక్కోవడమో చేస్తే రెండు పాయింట్లు. "గోల్స్ తగ్గినా కాపలా పాయింట్లు వస్తాయి" అన్నాడు. వంటవాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి, కూర లేకపోతేనేం దొంగలు రారు కదా అన్నట్టు. గోల్స్ పక్కన అంకె ఉంటుంది కనక కొనేవాడికి కనిపిస్తుంది. జట్టు నడుమ ఉన్న గోతికి అంకె ఉండదు. అందుకే ఆ గొయ్యి నాకూ కనిపించలేదు, క్లబ్‌కూ కనిపించలేదు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను, దుఃఖం పొడిగించడం నాకిష్టం లేదు. ఆర్సెనల్ చేతిలో సొంతగడ్డ మీద 1–0తో ఓటమి. ఫుల్‌హామ్ మీద 1–1. అందులో బ్రూనో పెనాల్టీని గోల్‌పోస్టు మీదుగా గాల్లోకి పంపాడు, నాకు రెండు పాయింట్లు కోత. యునైటెడ్ ఖాతాలో పడిన ఆ ఒక్క గోల్ ఎవరు కొట్టారు? ఫుల్‌హామ్ ఆటగాడు. సెల్ఫ్ గోల్. వేసవంతా గోల్ కొట్టేవాళ్ళను కొన్న క్లబ్‌కు సీజన్‌లో మొదటి గోల్ ఉచితంగా అవతలి వాడు పెట్టాడు. ఆ తర్వాత బర్న్‌లీ మీద పడిన మొదటి గోల్ కూడా బర్న్‌లీవాడిదే. ఆ రెండు వారాలకు నాకు సలహా ఇచ్చే సత్తా ఉన్న సిద్ధాంతి ఒక్కడే: ప్రత్యర్థి డిఫెండర్లను కొనమనేవాడు.

ఈ మధ్యలో ఆగస్టు 27. లీగ్ కప్‌లో గ్రిమ్స్‌బీ టౌన్‌తో మ్యాచ్. గ్రిమ్స్‌బీ అంటే చేపల రేవు, నాలుగో డివిజన్ జట్టు. దాని అభిమానులు గాలి ఊదిన ప్లాస్టిక్ చేపలు ఊపుతూ మ్యాచ్‌కు వస్తారు. 2–2 తర్వాత పెనాల్టీలు. కున్యా కొట్టిన దాన్ని కీపర్ ఆపేశాడు. చివరిది ఎంబ్యూమో కొట్టాడు, అడ్డకర్రకు తగిలి వెనక్కి వచ్చింది. 12–11. కప్ మ్యాచ్‌లకు ఫాంటసీలో పాయింట్లు ఉండవు కాబట్టి నాకేమీ పోలేదు. ఇల్లు తగలబడుతుంటే నా గది కాలలేదని మురిసిపోయాను.

ఆ రాత్రి దృశ్యం ఒకటి ప్రపంచమంతా చూసింది. వాన పడుతోంది. డగౌట్‌లో అమోరిమ్ కూర్చున్నాడు, చేతిలో చిన్న బోర్డు, దాని మీద ఆటగాళ్ళ గుర్తుగా బిళ్ళలు. ఒక బిళ్ళ అటు జరిపాడు, ఇంకోటి ఇటు జరిపాడు, మళ్ళీ మొదటిది జరిపాడు. ఆ చేతి కదలిక నాకు బాగా తెలుసు. పంద్రాగస్టు రాత్రి పదిన్నరకు నా బొటనవేలు కూడా ఫోన్ మీద అలాగే కదిలింది. అసలు మేనేజరు, ఉత్తుత్తి మేనేజరు అని ఇద్దరుంటారనుకునేవాణ్ణి. బిళ్ళ జరిపితే మనిషి జరుగుతాడని నమ్మే విషయంలో ఇద్దరం ఒకే బడిలో చదివాం. ఆయనకు జీతమిచ్చేవారు, అదొక్కటే తేడా.

సిద్ధాంతి రెండు రోజుల్లో తేరుకుని కొత్త ఫలం చెప్పాడు: ఎంబ్యూమోను వదిలించుకోండి. శుక్రవారం రాత్రి వదిలించుకున్నాను. ఉచితంగా దొరికే మార్పు అప్పటికే వాడేశాను కనక దీనికి నాలుగు పాయింట్లు కప్పం కట్టాను. శనివారం సాయంత్రం బర్న్‌లీ మీద ఎంబ్యూమో గోల్ కొట్టాడు. నేను అట్టిపెట్టుకున్న కున్యా మొదటి సగంలోనే గాయంతో బయటికి నడిచాడు. ఆట ముగియాల్సిన సమయం దాటి ఏడు నిమిషాలయ్యాక బ్రూనో పెనాల్టీ కొట్టి 3–2తో గెలిపించాడు. యునైటెడ్ గెలిచింది, నేను ఓడాను. రాత్రి పది కాకముందే సిద్ధాంతి ఎంబ్యూమో ఫామ్‌లోకి వచ్చాడని, ఆలస్యం చేయకుండా కొనమని ప్రకటించాడు.

అన్నం కంచం ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంటే అమ్మ వచ్చింది. నా మొహం చూసి, టీవీ చూసి, మళ్ళీ నా మొహం చూసింది.

"ఆ ఊళ్ళో మనవాళ్ళెవరైనా ఉన్నార్రా?"

"ముగ్గురుండేవారమ్మా. నిన్న రాత్రే ఒకణ్ణి పంపించేశాను."