విదేశీ యాత్రకు గిట్టుబాటు ధర

పత్తికి, కందికి, ధాన్యానికి మద్దతు ధర ఎంతుండాలో లెక్కగట్టడానికి ఢిల్లీలో ఒక కమిషన్ ఉంది. యూరప్ యాత్ర గిట్టుబాటవుతుందో లేదో తేల్చే కమిషన్ మాత్రం ఇంతవరకూ ఏర్పాటు కాలేదు. ఆ లోటు మా అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర తీరుతోంది. ఏటా బడులు తెరిచే వారం అక్కడ కొలువు తీరుతుంది. వెళ్లొచ్చినవాళ్లు లిఫ్టు తలుపుకు ఆనుకుని నిలబడతారు, వెళ్లబోయేవాళ్లు ఎదురుగా నిలబడతారు, ఈ ఏడు కూడా వెళ్లనివాళ్లు మెట్ల మీద కూర్చుంటారు. ఏం చూశారని ఎవరూ అడగరు. వాళ్లు చూసిందంతా వాట్సాప్ స్టేటస్‌లో వీళ్లు అప్పటికే చూసేసి ఉంటారు. అడిగేది ఒకటే: "తలకెంత పడిందండీ?"

మూడో అంతస్తు ఇంజనీరు గారు ఈ ప్రశ్న అడిగించుకోవడానికే యూరప్ వెళ్లారని నా అనుమానం. నీటిపారుదల శాఖలో ఎస్టిమేట్లు వేసి వేసి రిటైరైన చెయ్యి అది. "తలకు మూడున్నర లక్షలు. పదకొండు రోజులు, తొమ్మిది దేశాలు. అంటే దేశం ముప్పై తొమ్మిది వేలకు వచ్చేసినట్టు" అన్నారు. బేరం బాగా కుదిరిందని అందరం ఒప్పుకున్నాం. తొమ్మిదింటిలో ఒకటి వాటికన్, మొత్తం విస్తీర్ణం అర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. మరొకటి లిక్టెన్‌స్టైన్, 160 చదరపు కిలోమీటర్లు. దాని రాజధాని వడూజ్‌లో బస్సు ముప్పావు గంట ఆగింది. రుసుము కడితే పాస్‌పోర్టులో జ్ఞాపకార్థం ఒక ముద్ర వేసిపెట్టే కౌంటరు అక్కడుంది. క్యూకు అరగంట, ముద్రకు అయిదు నిమిషాలు పోగా మిగిలిన పది నిమిషాలూ దేశానికి కేటాయించారు.

"చదరపు కిలోమీటరు లెక్కన చూస్తే వాటికన్ బాగా ఖరీదు పడినట్టుంది సార్" అన్నాడు రెండో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఇంజనీరు గారు వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

విమానం ఎక్కాకే ఖర్చు మొదలవుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, పాపం. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్‌లో 80 యూరోల నుంచి 90 అయింది. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా అది వెనక్కి రాదు. ఆ ఒక్క ఏడాదిలో మన దేశం నుంచి 11 లక్షల పైచిలుకు దరఖాస్తులు వెళితే, 1 లక్షా 65 వేల దాకా తిప్పికొట్టారు. యూరప్ కోసం డబ్బు ఖర్చుపెట్టి, కాళ్లు పీకకుండా, ఇంటి భోజనం మానకుండా, ఎవరికీ ఫోటోలు చూపించే బాధ్యత లేకుండా ఉండిపోయిన ఆ లక్షా అరవై అయిదు వేల మంది, నన్నడిగితే, అందరికన్నా చౌకలో బయటపడ్డారు.

ఆ ఫారాలతో పాటు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్‌లు, హోటల్ బుకింగులు, 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా జతపరచాలి. సొంత అల్లుడికి కూడా చెప్పని ఆస్తుల వివరాలు కౌంటరులో ఉన్న అమ్మాయికి చెప్పాలి. ఇదంతా తిరిగి వచ్చేస్తామని వీసా ఇచ్చేవాళ్లను నమ్మించడానికి. డిసెంబరులో అసోసియేషన్ ఎన్నికలున్నాయి, ఛస్తే అక్కడ ఉండిపోను అని రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదని ఇంజనీరు గారు ఇప్పటికీ బాధపడతారు. చివరికి ఫైలు చంకలో పెట్టుకుని చిలుకూరు గుడికి వెళ్లారు. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే, వీసా వచ్చాక నూట ఎనిమిది చేయాలి. ఆ గుడిలో హుండీ లేదు. మొత్తం యూరప్ యాత్రలో ఎక్స్‌ట్రా చార్జీ లేని మజిలీ అదొక్కటే అని ఆయన ఎస్టిమేటులో ప్రత్యేకంగా రాసుకున్నారు.

ప్రభుత్వం వాటా వేరే. 2023 అక్టోబరులో, విదేశీ ప్యాకేజీ ఏడు లక్షలు దాటితే దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ పన్ను అన్నారు. ఆ తర్వాత పరిమితులూ రేట్లూ మారుతూ వచ్చాయనుకోండి. రిటర్న్‌లో చూపించి వెనక్కి తీసుకోవచ్చంటారు. అంటే యాత్రికుడు స్విట్జర్లాండ్ వెళ్లి తిరిగొస్తాడు, ఆయన డబ్బు ఇన్‌కంటాక్స్ ఆఫీసుకు వెళ్లి, కాస్త ఆలస్యంగా, తిరిగొస్తుంది.

సామాను సర్దుడు ఒక పెద్ద యజ్ఞం. వంటింటి గుమ్మానికి స్ప్రింగు త్రాసు కట్టి, సూట్‌కేసును దానికి వేలాడదీసి, ముల్లు ఇరవై మూడు కిలోల దగ్గర ఆగేదాకా ఇంజనీరు గారు స్వెటర్లు తీసేస్తుంటే, వాళ్లావిడ ఆ ఖాళీలో కందిపొడి పెడుతూ పోయారు. ఆవకాయ డబ్బాకు మూత మీద పాలిథిన్ కవరు, కవరు మీద రబ్బరు బ్యాండు, దాని మీద బ్రౌన్ టేపు, దాని మీద పాత తువ్వాలు. ఇన్ని కట్లు కట్టినా ప్రాగ్ చేరేసరికి నూనె ఆయన తెల్లచొక్కా జేబు దాకా వచ్చేసింది. నెయ్యి మాత్రం వెళ్లలేదు. పాలు, మాంసం, వాటితో చేసినవి బయటి దేశాల నుంచి వెంట తేకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. ఆవకాయ ఉండి నెయ్యి లేని పదకొండు రోజుల కష్టాన్ని ఆవిడ వర్ణిస్తుంటే మెట్ల మీదివాళ్లకు కూడా గొంతు పట్టేసింది.

హోటల్ గదిలో టీ కాచుకోమని పెట్టిన కెటిల్‌లో ఆవిడ అన్నం వండారు. కడిగిన గుప్పెడు బియ్యం వేసి, నీళ్లు పోసి, మీట నొక్కి, మరిగి టక్కున ఆగిపోగానే మళ్లీ నొక్కి, అలా ఆగినప్పుడల్లా నొక్కుతూ పావుగంట నిలబడ్డారట. కిటికీలోంచి ఈఫిల్ టవర్ కనిపిస్తుందని బ్రోషర్‌లో ఉంది. కనిపించేదే, ఆ హోటల్ ప్యారిస్‌లో ఉండి ఉంటే.

బస్సు డ్రైవరు కథ ఇంజనీరు గారు నోరారా చెబుతారు. యూరప్ చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు బండి నడిపితే ముప్పావు గంట విశ్రాంతి తీసుకోవాల్సిందే. చక్రం ఎప్పుడు తిరిగిందో, ఎప్పుడు ఆగిందో బండిలోని మీటరే రాసుకుంటుంది. "ఇంకో అయిదు కిలోమీటర్లు పోతే ఇండియన్ రెస్టారెంటు, పోనివ్వవయ్యా" అని నలభై మంది బతిమాలినా ఆ మహానుభావుడు తాళాలు జేబులో వేసుకుని దిగిపోయాడు. పదో, ఇరవయ్యో చేతిలో పెట్టబోతే భయపడ్డాడట. మూడున్నర లక్షలకు యూరప్‌లో నిజంగా చూడదగ్గది ఏదైనా చూశారంటే అదే, కానీ ఆయన దాన్ని ఇబ్బందుల ఖాతాలో వేశారు.

ఆ బస్సులో ఎవరూ మంచినీళ్లు తాగలేదు. దారిలో మరుగుదొడ్డికి వెళ్తే చాలాచోట్ల యూరో, అంటే వంద రూపాయలు. ఆ లెక్క తెలిసిన మొదటి మజిలీ నుంచే బృందమంతా కఠిన ఉపవాసంలోకి వెళ్లిపోయింది.

స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ కొండకు 1992 నుంచి గుండ్రంగా తిరిగే కేబుల్ కారు ఉంది. అది మూడు వేల మీటర్ల ఎత్తుకు తీసుకెళుతుంది. అక్కడ చుట్టూ ఆల్ప్స్, మధ్యలో షారుక్ ఖాన్, కాజోల్‌ల నిలువెత్తు కటౌటు. 1995 నాటి సినిమా జంట. వీళ్లంతా కటౌటు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆల్ప్స్ వెనకపడ్డాయి. ప్యారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాను చూశారు, 77 సెంటీమీటర్ల పొడవు, 53 వెడల్పు, అద్దం వెనక. చూశారు అంటే ఎత్తిపట్టిన సెల్‌ఫోన్లలో చూశారు. "తిరుమలలో కూడా జరగండి జరగండి అంటారు గానీ, చేతిలో లడ్డూ అయినా పెట్టి పంపిస్తారు" అన్నారు ఆవిడ. ఇప్పుడైతే యూరప్ బయటివాళ్లకు అక్కడ టికెట్టు 32 యూరోలు చేశారు, 2026 జనవరి నుంచి. మనమీద ఇంత వివక్షా అని లిఫ్టు దగ్గర రక్తాలు మరిగిపోయాయి. తాజ్‌మహల్‌కు మనం యాభై రూపాయలు కట్టి, విదేశీయుడి దగ్గర పదకొండు వందలు తీసుకుంటామని సాఫ్ట్‌వేర్ కుర్రాడు గుర్తుచేయబోయాడు. "అది వేరు" అన్నారు ఇంజనీరు గారు. ఎలా వేరో చెప్పేలోపు లిఫ్టు వచ్చేసింది.

ఇదంతా చదివి, ఏడు లక్షలు బూడిదలో పోసిన పన్నీరని మీరు తేల్చేస్తే ఇంజనీరు గారికి అన్యాయం చేసినట్టే. ఖర్చు యూరోల్లో అయినా రాబడి ఇక్కడ, రూపాయల దేశంలో మొదలవుతుంది. జూన్ నుంచి అసోసియేషన్ మీటింగుల్లో ఆయన "యూరప్‌లో అయితేనా" అని మొదలుపెడితే ఎదురు మాట లేదు. తడిచెత్త పొడిచెత్త తగువు ఆ ఒక్క వాక్యంతో తేలిపోయింది. పార్కింగులో ఆయన కారు అడ్డంగా ఉన్నా, అది యూరప్ పద్ధతేమోనని జనం తప్పుకుపోతున్నారు. అన్నిటినీ మించి, సింగపూర్ వెళ్లొచ్చానని ఆరేళ్లుగా ప్రతి పండక్కీ చెప్పే వియ్యంకుడు గారు ఈసారి నోరు మెదపలేదు. వియ్యంకుడి నోరు మూయించడానికి ఏడు లక్షలు ఎక్కువేమీ కాదు. పెళ్లిలో అంతకు నాలుగింతలు పెట్టినా మూతపడలేదు.

మన దేశంలో చూడాల్సినవి లేవా అని అడిగే దేశభక్తులుంటారు. 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని కూడా, 2022 లోపు దేశంలో కనీసం పదిహేను పర్యాటక స్థలాలు చూడండని పిలుపిచ్చారు. ఎనిమిది నెలలు తిరక్కుండా కరోనా వచ్చి వీధి చివరికి కూడా పోనివ్వలేదు, అది ఆయన తప్పు కాదు. కానీ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అమలాపురం వెళ్లడానికి నలుగురికి ప్రైవేటు బస్సు టికెట్లు బుక్ చేసిన మనిషెవరైనా, ఆ రసీదు చేత్తో పట్టుకుని, థాయిలాండ్ దండగని చెప్పగలడా? 2023 నవంబరులో ఆ దేశం మనవాళ్లను వీసా లేకుండానే రమ్మంది. అమలాపురంలో అత్తగారి ఆమోదం కావాలి.

వెనకటి యాత్రికుల్లో ఏనుగుల వీరాస్వామి అని ఒకాయన ఉండేవారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగం. 1830 మేలో వంద మంది పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరారు. పదిహేను నెలలు తిరిగి, దారిలో ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, మనుషులు ఎలా బతుకుతున్నారో రోజువారీ రాసుకున్నారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను ఇవాళ్టికీ జనం చదువుతున్నారు. ఆయన మా లిఫ్టు దగ్గరికి వచ్చి నిలబడితే ఒక్క నిమిషం కూడా నిలదొక్కుకోలేరు. పదిహేను నెలలా? ఒక్క దేశం కూడా దాటలేదా? వందమందికీ కలిపి మీరే పెట్టుకున్నారా? గ్రూప్ డిస్కౌంట్ అడగాల్సింది కదండీ.

మెట్ల పక్కన కుర్చీ వేసుకుని మా వాచ్‌మన్ ఇవన్నీ వింటుంటాడు. జగిత్యాల దగ్గర పల్లె. అతనూ విదేశం వెళ్లొచ్చినవాడే, ఎనిమిదేళ్లు దుబాయ్‌లో ఉన్నాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో, అటు కోనసీమలో, కడప జిల్లాలో "గిట్టుబాటవుతుందా" అనే ప్రశ్నకు వేరే లెక్కలుంటాయి. గల్ఫ్‌కు పంపే రిక్రూటింగ్ ఏజెంటు చట్టం ప్రకారం 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మా వాచ్‌మన్ లక్షన్నర కట్టాడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి. మొదటి రెండేళ్లూ ఆ అప్పుకే పోయాయి. తెల్లవారుజామున సోనాపూర్ లేబర్ క్యాంపులో బస్సెక్కడం, టవర్లకు అద్దాలు బిగించడం, చీకటి పడ్డాక అదే క్యాంపులో ఒక గదిలో పదిమంది పడుకోవడం. ఇప్పుడు ఊళ్లో రెండు గదుల స్లాబు ఇల్లు, పెళ్లయిన చెల్లెలు, పట్టేసిన నడుము ఉన్నాయి. లిఫ్టు దగ్గర కొలువులో "తలకెంత పడింది" అని అతన్ని ఎవరూ అడగలేదు. స్టేటస్‌లో ఒక్క ఫోటో కూడా లేనివాణ్ణి వెళ్లొచ్చినట్టు ఎలా పరిగణిస్తారు?

మొన్న ఇంజనీరు గారే అతన్ని పిలిచారు. డిసెంబరులో దుబాయ్, అయిదు రోజులు, తలకు ఎనభై అయిదు వేలు, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా, ఎడారిలో జీపు, పడవలో భోజనం. చేతిలో బ్రోషరూ పెన్నూ ఉన్నాయి.

"ఏమోయ్, నువ్వు అన్నేళ్లున్నావు కదా, అక్కడ బాగా చూడాల్సింది ఏమిటి?"

"నాకేం ఎర్క సార్. మేం సోనాపూర్ల ఉన్నం. పనికి పోవుడు, సోనాపూర్‌కు వచ్చుడు. ఎన్మిదేండ్లు అదే జూసిన."

ఇంజనీరు గారు బ్రోషర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా వేలుపెట్టి వెతికారు. అట్ట వెనక చిన్న అక్షరాలు కూడా చదివారు. తర్వాత అక్కడే నిలబడి ట్రావెల్స్ వాడికి ఫోన్ చేశారు.

"ఏమయ్యా, సోనాపూర్ లేదేమిటి మీ ప్యాకేజీలో? ఎనిమిదేళ్లు చూసినవాళ్లున్నారు ఇక్కడ. అది ఇన్‌క్లూడెడా, ఎక్స్‌ట్రానా?"