తొమ్మిది వందల టిక్కు

మా ఇంట్లో నెల పద్దు మా ఆవిడ రాస్తుంది. పాలు, కరెంటు, నా షుగరు మాత్రలు... అన్నీ నా ఫోనుకొచ్చే బ్యాంకు మెసేజీలతో సరిచూసుకుంటుంది. అక్కడే దొరికిపోయాను.

"ఏవండీ, ఈ తొమ్మిది వందలేంటి?"

"ట్విట్టర్‌కి."

"వాళ్లకి మనమేం బాకీ?"

పేరు పక్కన నీలం టిక్కు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, ఫోను ఓసారి దూరంగా, ఓసారి దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇదుంటే ఏమవుతుంది?"

"నేను నేనేనని లోకానికి తెలుస్తుంది."

"లోకానికి అనుమానమొచ్చిందా?"

రాలేదు. నా ఫాలోవర్లలో సగం మంది కూర్మన్నపాలెం వాకింగు మిత్రులు, మిగతా సగం లోన్లిస్తామనేవాళ్లు.

టిక్కుకి ఒకప్పుడు పరువుండేది. బేస్‌బాల్ మేనేజరు టోనీ లరూసా తన పేరుతో దొంగ ఖాతా నడుస్తోందని కోర్టుకెక్కాక, అసలు మనిషిని పోల్చుకోవడానికి 2009లో తెచ్చారు. 2022 అక్టోబరులో కంపెనీని కొన్న ఎలాన్ మస్క్, నవంబరుకల్లా నెలకి ఎనిమిది డాలర్లిస్తే ఎవరికైనా టిక్కన్నాడు. వెంటనే ఎవరో ఆకతాయి ఎలై లిల్లీ మందుల కంపెనీ పేరు పెట్టుకుని, టిక్కు కొనుక్కుని, ఇన్సులిన్ ఇక ఉచితమని చాటాడు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. షుగరున్నవాణ్ణి, నాకు మాత్రం ఆ ఆకతాయి మీద కోపం రాలేదు.

నేనేమో స్టీల్ ప్లాంటు క్వాలిటీ విభాగంలో చేసి రిటైరైనవాణ్ణి. కడ్డీని వంచి చూసి, మిషన్లో బిగించి తెగేదాకా లాగితే గానీ ఆ హీట్‌కి, అంటే ఆ విడత ఉక్కుకి, సర్టిఫికెట్ రాసేవాళ్లం కాదు. లారీలు ఆగిపోయాయని డిస్పాచ్ వాళ్లు మొత్తుకున్నా "టెస్టు పాసవనీ బాబూ" అనేవాణ్ణి. అలాంటి నన్ను ఎవరూ వంచలేదు, లాగలేదు. ఫోనుకి ఓటీపీ వచ్చింది, కార్డులో డబ్బు పోయింది, నాణ్యమైనవాణ్ణయిపోయాను.

ఇంతవరకూ ఆవిడ నవ్వుకుని ఊరుకునేదే. హైదరాబాద్ నుంచి మా అబ్బాయి నోరు జారాడు: "కంప్యూటర్లోంచి కడితే 650యే కదమ్మా, ఫోన్ యాప్‌లో అయితేనే 900." 2023 ఫిబ్రవరిలో మన దేశంలో మొదలెట్టినప్పటి రేట్లవి.

అప్పుడు రేగింది. "రైతుబజారులో రెండు రూపాయల కోసం నేను నాలుగు కొట్లు తిరుగుతాను. మీరు పక్క గుమ్మంలో 650కి దొరికేదానికి 900 పోస్తారా?"

యాప్‌లో కడితే యాపిల్, గూగుల్ కమిషన్ పట్టుకుంటాయని సర్ది చెప్పబోయాను.

"మధ్యలో దళారీ కూడానా!"

గతిలేక అమితాబ్ బచ్చన్‌ని తెచ్చాను. 2023 ఏప్రిల్లో పాత టిక్కులు పీకేస్తే ఆయనా డబ్బు కట్టి తెచ్చుకున్నాడు. తీరా పది లక్షలు దాటిన ఫాలోవర్లుంటే ఉచితమని తెలిసి, తనకి నాలుగు కోట్ల పైచిలుకు ఉన్నారే అని వాపోయాడు. అంతటివాడే మోసపోయాడు చూడన్నాను.

"ఆయన టీవీలో కోట్లు పంచుతాడు. మీకొచ్చే పీఎఫ్ పెన్షనెంత?"

చివరికి రాజీ కుదిరింది. కంప్యూటర్లోంచే కట్టాలి, ఆదా అయిన 250 ఆవిడ చేతిలో పెట్టాలి. 2025 జూలైలో కంప్యూటర్ రేటు 427కి దిగింది. మురిసిపోయాను. ఆవిడ లెక్క మాత్రం ఇప్పటికీ ఆ తొమ్మిది వందల్లోంచే. కాబట్టి నెలకి 473 ఇస్తున్నాను. టిక్కే మానేస్తానని మొన్న అన్నాను.

ఒప్పుకోలేదు.