బెంచ్‌మార్క్

ఢిల్లీ ద్వారకలో మా సొసైటీ పార్కుకి జనవరిలో పదకొండు దాటితే గాని ఎండ రాదు. ఎండతోబాటే కుర్చీలు, వేయించిన పల్లీలు, కమలాపళ్లు, రిటైరైన తెలుగువాళ్లు బయటికొస్తారు. ఆదివారాలైతే వాళ్ల మధ్య ‘రా’ కూడా ఉంటాడు.

రా మనిషి కాదు. 1981 జనవరిలో అమెరికాలోని లూయీవిల్‌లో కార్లా రూకర్ట్ అనే ఆవిడ ఒళ్లు తెలియని స్థితిలోకి వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ పలికేది తాను కాదు, రా అన్నారు. డాన్ ఎల్కిన్స్ ప్రశ్నలడిగేవాడు, జిమ్ మెకార్టీ రాసిపెట్టేవాడు. 1984 మార్చి దాకా 106 బైఠకులు జరిగాయి. ‘లా ఆఫ్ వన్’ పుస్తకాలు అవే. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ మాస్టర్ సి.వి.వి.కి నమస్కారం చెప్పుకునే ఇళ్లు మా సొసైటీలో కొన్ని ఉన్నాయి కాబట్టి ఇలాంటి మాటలు మాకు మరీ కొత్త కాదు.

రా లెక్క ఇది. మనమంతా మూడో తరగతిలో ఉన్నాం. కోతల వేళకి, అంటే పై తరగతికి ఏరే వేళకి, నాలుగులోకి వెళ్లాలంటే బతుకులో నూటికి 51 పాళ్లు పరులకోసం ఉండాలి. లేదంటే పూర్తిగా అటు కొసకి పోవాలి: 95 పాళ్లు స్వార్థం. వాళ్లూ పైకే వెళ్తారట, కాకపోతే ఆ దారిన గట్టెక్కడం మహా కష్టమట. అటూ ఇటూ కానివాళ్లు మళ్లీ ఇదే తరగతి, 75 వేల ఏళ్ల కోర్సు. నమ్మినా నమ్మకపోయినా, ఆ నిర్మొహమాటం మాత్రం నాకు నచ్చింది.

ఆదివారాలు ఆ పుస్తకాలు మాకు చదివి వినిపించే మా బాబాయిగారికి నచ్చింది అంకెలు. ఆయన సెంట్రల్ సెక్రటేరియట్‌లో అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. డిప్యూటీ సెక్రటరీ కావలసినవారు. పైఅధికారి ఒక ఏడాది రహస్య నివేదికలో ‘గుడ్’ అని రాశాడు. వినడానికి మెచ్చుకోలే. కానీ ఆ ప్రమోషన్‌కి బెంచ్‌మార్క్ ‘వెరీ గుడ్’. అలా రాసినట్టు ఉద్యోగికి చెప్పాల్సిన పని అప్పట్లో లేదు. బాబాయిగారు 2007లో ఇంటికొచ్చేశారు. మరుసటేడు మే నెలలో సుప్రీంకోర్టు, దేవ్ దత్ కేసులో, ఏ గ్రేడైనా సరే ఉద్యోగికి చెప్పి తీరాలంది. ఆ తీర్పు జిరాక్సు కాపీ ఆయన బీరువాలో పెళ్లి ఫొటోల కింద ఉంటుంది.

కాబట్టి, ఈ సంక్రాంతికి ఆయన మా అందరి ఆత్మలకూ ఎ.పి.ఎ.ఆర్. (ఆ రహస్య నివేదికకి ఇప్పటి పేరు) ఫారాలు అచ్చు వేయించారంటే ఆశ్చర్యపోలేదు. స్వీయ మూల్యాంకనం, పరసేవ వివరాలు, స్వసేవ వివరాలు, రిపోర్టింగ్ అధికారి అభిప్రాయం, చివర గ్రేడు. రిపోర్టింగ్ అధికారి ఆయనే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎంతమందికి రాశారో గాని, ఆ పెన్ను పట్టు మాత్రం పోలేదు. గురుద్వారా లంగరులో రొట్టెలు చేసొచ్చే రైల్వే ఆయనకి 38 వేశారు. పక్క టవర్ టీచరమ్మకి 44. నాకు 29, ‘శ్రద్ధ లోపించింది’ అని రిమార్కుతో.

ఇలా మెట్లు పంచడం కొత్తేమీ కాదు. 1925 ఆగస్టులో హాలండ్‌లోని ఒమ్మెన్‌లో అనీబిసెంట్ రాబోయే జగద్గురువుకి శిష్యప్రముఖులు వీరేనంటూ కొన్ని పేర్లు చదివింది. అందులో తన పేరూ ఉంది. ఆ జగద్గురువు మన మదనపల్లె కృష్ణమూర్తి. నాలుగేళ్లకి, 1929 ఆగస్టు 3న, అదే ఒమ్మెన్‌లో ఆయన తనకోసం పెట్టిన సంఘాన్నే రద్దు చేసి లేచిపోయాడు. మా రైల్వే ఆయనకి అంత తెగువ లేదు. ఒక్క సందేహం మాత్రం అడిగాడు.

“మరి మీకు ఎవరు రాస్తారు సార్?”

బాబాయిగారు ఇరుకున పడ్డారు. రూల్సు తెలిసిన మనిషి. “కనీసం 3 నెలలు పని దగ్గరుండి చూసినవాళ్లే రాయాలి” అన్నారు.

అందరం పిన్నిగారి వైపు తిరిగాం. ఆవిడ పొద్దుటినుంచీ బఠాణీలు ఒలుస్తోంది. మధ్యలో రెండుసార్లు లేచి అందరికీ కాఫీ తెచ్చింది. చల్లారిందంటే బాబాయిగారిది మళ్లీ వేడి చేసుకొచ్చింది. గిన్నెలో గింజలు ఎంతకీ పెరగటం లేదు. ఎదురుగా కూర్చున్న బాబాయిగారు, ‘పరసేవ’ మీద ఉపన్యాసం నడుస్తున్నంతసేపూ, గుప్పెళ్లకొద్దీ నోట్లో వేసుకుంటూనే ఉన్నారు.

“నాకెందుకండీ ఇవన్నీ” అంది ఆవిడ.

“మొహమాటపడకు. ఉన్నదున్నట్టు రాయి. రాశాక నాకు చూపించి తీరాలి, కోర్టు తీర్పుంది.”

పిన్నిగారు చెయ్యి చీరచెంగుకి తుడుచుకుని, ఫారం చివరిదాకా వెళ్లి, ఒక అంకె వేసి ఇచ్చేసింది. ఆలోచించడానికి ఆగినట్టే లేదు.

బాబాయిగారు కళ్లజోడు సర్దుకుని చూశారు. 5.

మొహం కందగడ్డయింది. మా ఎవరికీ అర్థం కాలేదు గాని ఆయనకి వెంటనే అర్థమైంది. ఎ.పి.ఎ.ఆర్.లో పదికి 6 వస్తేనే ‘వెరీ గుడ్’. అయిదంటే ‘గుడ్’.

“నువ్వు కూడానా?” అన్నారు. గొంతు బొంగురుపోయింది. “ఇన్నేళ్లు కాపురం చేసి, నువ్వు కూడా ఆ దుర్మార్గుడిలాగే గుడ్ దగ్గర ఆపేశావా? ఇంకొక్క మార్కు వేస్తే నీ సొమ్మేం పోయేది?”

“పదికి కాదండీ” అంది పిన్నిగారు బఠాణీకాయ అందుకుంటూ. “నూటికి.”

రైల్వే ఆయన పల్లీ నములుతున్నవాడల్లా ఆపేశాడు.

“అయితే... నేను ఫెయిలా?” అన్నారు బాబాయిగారు.

“అయ్యో, ఫెయిలెందుకవుతారూ!” అందావిడ. “మిగతా 95 ఉందిగా. ఆ దారి మహా కష్టమని మీరే చదివి వినిపించారు. ఈసారి మీకు ప్రమోషన్ ఖాయం.”