గాలికి సిఫార్సు చెల్లదు

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు సిఫార్సుకు లొంగని పని లేదు. బోరుకు కరెంటు, బగర్ హుకుం భూమికి సాగువళి చీటి, ఠాణాలో ఒక మాట, అన్నీ ఫోను దూరమే. "అన్న చెప్పినాడు" అంటే చాలు. ఎన్నికలొచ్చేసరికి మన నాయకులకు విమానం కూడా అన్న మాట వింటుందనే నమ్మకం కలుగుతుంది.

వినదు మహాప్రభో! మంచు దేశాల్లో సొంత పొలాల్లో పొట్టి రన్‌వేలు వేసుకున్నవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మంచు చక్రాలను పట్టి లాగుతుంది, పరుగు పుంజుకోదు. రెక్క మీద పలచగా పేరుకున్నా లేపే బలం తగ్గుతుంది. రన్‌వే అయిపోతుంది, చెట్లు ఎదురవుతాయి. మనకా బెడద లేదని సంబరపడకండి. ఇక్కడ ఆ పని ఎండ చేసిపెడుతుంది. బెంగళూరు జక్కూరు రన్‌వే సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఏప్రిల్‌లో 30 డిగ్రీలు దాటిందంటే అక్కడి గాలి 5,500 అడుగుల మీది గాలంత పలచనవుతుంది. ఇంజను నీరసిస్తుంది, రెక్కకు పట్టు చాలదు, పరుగు మాత్రం ఇంకా ఎక్కువ కావాలి. నాలుగు సీట్లున్నాయి కదాని నలుగురినీ, నిండు ట్యాంకునూ, పెట్టెలనూ కుక్కడానికి అది బాగేపల్లి సర్వీసు ఆటో కాదు.

2004 ఏప్రిల్ 17న అదే జక్కూరు నుంచి నాలుగు సీట్ల సెస్నా 180 కరీంనగర్ ఎన్నికల ప్రచారానికని లేచింది. లేచిన కాసేపటికే పక్కనున్న గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో కూలి కాలిపోయింది. సినీనటి సౌందర్య, ఆమె అన్న అమర్‌నాథ్, పైలట్, ఒక కార్యకర్త, నలుగురూ పోయారు. ఆమెది ములబాగిలు ప్రాంతం. అప్పటికి మన మూడు ఊళ్లూ కోలారు జిల్లాలోనివే కనుక ఆమె మన జిల్లా ఆడపడుచే. 'ద్వీప' నిర్మించి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం తెచ్చిన మనిషి. ఆ ప్రమాదానికి కారణం తేల్చడం విచారణాధికారుల పని. ప్రచారానికి ఎగరాలనే తొందర ఎవరిదని అడగడం ఓటరు పని. లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయి అప్పటికి రెండేళ్లే. పాఠం బోర్డు మీదే ఉంది, చదివే తీరిక ఎవరికుంది? సభ టైము మించిపోతోంది!

టైము మీద ఇంత శ్రద్ధ ఉన్న పెద్దలు లెక్క మీద మాత్రం ఉదారులు. పార్టీ నాయకులు ప్రచారానికి విమానాల్లో తిరిగిన ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి రాదని 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌లో రాసుకున్నారు. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది దాకా ఈ భాగ్యం. అభ్యర్థి పంచే టీకి లెక్క ఉంది. ఆకాశంలో కాలే పెట్రోలుకు లేదు.

ఇక నేల మీది వైభోగం చూడండి. వెయ్యడుగులు తవ్వినా బోరులో తడి తగలని తాలూకాలో, స్కూలు మైదానంలో హెలికాప్టర్ దిగుతుందంటే దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో నీళ్లు చల్లుతారు. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లను తాడు కట్టి అవతలికి నెడతారు. నాయకుడు దిగి మొదట ఇచ్చే హామీ తాగునీరు!

జక్కూరు రన్‌వేకైనా మంచి రోజులొచ్చాయా అంటే, దేవనహళ్లి పెద్ద విమానాశ్రయానికి త్వరగా చేరాలని ఆ పక్కనే ఎత్తు వంతెన లేపారు. పెద్ద విమానం అందుకోవడానికి చిన్న విమానం దారికి అడ్డం కట్టిన ఘనులు మనవాళ్లు. పొట్టి రన్‌వే ఇంకా పొట్టిదైంది.

దీనికి మందు కనిపెట్టడానికి పెద్ద కమిటీ అక్కర్లేదు. "ఈ బరువుతో, ఈ ఎండలో లేవను" అని పైలట్ అంటే ఆ మాటే చివరిదని వినండి. ప్రతి గాలి ప్రయాణం ఖర్చూ అభ్యర్థి ఖాతాలో వేయండి. ఆ మర్నాడే హైదరాబాదు హైవే అద్దంలా ఉందనీ, కారులో వెళితే జనానికి దగ్గరగా ఉండొచ్చనీ నాయకులందరికీ ఒక్కసారిగా జ్ఞానోదయమవుతుంది.