వేమన్నకు శాలువా

కడపలో 2006లో వెలసిన విశ్వవిద్యాలయానికి యోగి వేమన పేరు పెట్టారు. బొమ్మల్లో ఒంటిమీద నూలుపోగైనా లేకుండా కనిపించే కవి ఆయన. మన విశ్వవిద్యాలయాల సభల్లో మాత్రం, ఏ ఊరైనా కానీండి, మొదట ఖర్చయ్యేవి శాలువాలే!

సభ పదింటికని ఆహ్వానపత్రిక. ముఖ్య అతిథి కారు దిగేది పదకొండున్నరకు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదికనెక్కిన ఒక్కొక్కరికీ పరిచయం. అసలు ఉపన్యాసకుడు మైకు పట్టేసరికి సాంబారు వాసన వచ్చేస్తుంది, వెంటే 'సమయాభావం' అని చీటీ. నెలల తరబడి చదివి రాసుకొచ్చిన పత్రానికి పది నిమిషాలు, వందన సమర్పణకు ఇరవై. వెనక వరుసల్లో పిల్లలు కదలరేమంటారా? హాజరుపట్టీ ఇంకా తమదాకా రాలేదు మరి.

1820లో కడపకొచ్చిన బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆ పనికి రిబ్బను ఎవరు కత్తిరించారో ఎవరికీ పట్టలేదు.

ఇదే జిల్లాలో బ్రహ్మంగారిమఠం. బనగానపల్లెలో పశువులు కాసిన వీరబ్రహ్మంగారు జీవసమాధి అయిన చోటు. ఆయన తత్వాలను జనం తరతరాలుగా పాడుతున్నారు. దూదేకుల సిద్దయ్య ఆయనకు శిష్యుడైన కథను ఊళ్లలో తెల్లవార్లూ నాటకంగా చూశారు. చూసినందుకు సర్టిఫికెట్టూ లేదు, టీఏ డీఏ అంతకన్నా లేదు.

కాలజ్ఞానంలో బ్రహ్మంగారు రాబోయే వింతలెన్నో చెప్పారట. ముఖ్య అతిథి ఎన్నింటికి వస్తారన్నది మాత్రం ఆయనా ముట్టుకోలేదు.