చీకటికి మొహం వాచిన దండకణం

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో, రాజీవ్ రహదారి పక్కన తెల్లవార్లూ చాయ్ కాచే మనిషి కుడికంటి రెటీనాలో నా కాపురం. నేను దండకణాన్ని. కంటికి సుమారు 12 కోట్లమందిమి ఉంటాం. రంగులు చూపించే శంకువులు 60 లక్షలే, అయినా పేరంతా వాళ్లదే. మసకచీకట్లో దారి చూపేది మేము. ఒక్క కాంతికణం తగిలినా పసిగడతాం. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

యజమాని చర్మంలో, కాలేయంలో ఉన్న డీఎన్ఏనే నాలోనూ ఉంది. ఏ జన్యువు పలకాలో, ఏది నోరు మూసుకోవాలో నిర్ణయించి నన్ను దండకణాన్ని చేసింది ఎన్ఆర్ఎల్, సీఆర్ఎక్స్ లాంటి ప్రోటీన్లు. చిట్టెలుకల్లో ఎన్ఆర్ఎల్ జన్యువును తీసేస్తే మాకు బదులు శంకువుల్లాంటివి తయారయ్యాయని 2001లో తేలింది. ఆ మాట విన్నప్పుడు ఒళ్లు జలదరించింది.

పుట్టుక సంగతి అది. రోజువారీ పెత్తనం మాత్రం వెలుతురుదే. వెలుగు పడగానే, కాంతిని పట్టే నా రోడాప్సిన్‌లోని విటమిన్-ఎ అణువు వంపు విప్పుకుంటుంది, మెదడుకు కబురు బయల్దేరుతుంది. ఇది రెప్పపాటు పని. జన్యువుల పనితీరు మారడానికి ఇంకాస్త సమయం పడుతుంది. జన్యు సందేశాలు ప్రోటీన్లుగా మారకుండా అడ్డుపడే మైక్రో ఆర్ఎన్ఏలు కొన్ని వెలుతురులో పెరుగుతాయి, చీకట్లో చకచకా తరిగిపోతాయి. 2010లో దీన్ని చిట్టెలుకల రెటీనాలో చూశారు. బతికున్న మనిషి రెటీనాను కోసి చూడలేరు కదా! అందుకే ఇప్పుడు మానవ మూలకణాల నుంచి బుల్లి రెటీనాలు పెంచి, వాటి మీద వెలుతురు వేసి పరీక్షిస్తున్నారు.

చీకటంటే నాకు విశ్రాంతి అనుకునేరు. నేను ఎక్కువ ఆక్సిజన్ ఖర్చుపెట్టేది చీకట్లోనే. నా ఒంట్లో దొంతరగా ఉన్న వెయ్యి దాకా బిళ్లల్లో పాతబడ్డ కొసను రోజూ పొద్దున్నే విదిలిస్తాను, వెనకనున్న వర్ణకణం దాన్ని మింగేస్తుంది. పది రోజుల్లో దొంతర మొత్తం కొత్తదవుతుంది. ఇదంతా వేళకు జరగాలంటే నాకు రాత్రి రాత్రిలా, పగలు పగలులా ఉండాలి.

మా యజమానికి ఆ పట్టింపే లేదు. నెత్తిమీద తెల్లటి ఎల్ఈడీ బల్బు, ఎదురుగా కరీంనగర్ వైపు పోయే లారీల హెడ్‌లైట్లు. గిరాకీ లేకపోతే ఫోను. ఫోను వెలుతురు నన్ను చంపేస్తుందని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి, అంత రుజువు లేదు. చెదిరేది నా లోపలి గడియారమే. పాలప్యాకెట్ కోసం బండి వెనక చీకట్లోకి పోయి, "ఏం కానొస్తలేదు" అని నన్నే తిడతాడు! వెలిసిపోయిన రోడాప్సిన్ మళ్లీ నిండడానికి అరగంట పైనే పడుతుందయ్యా, ఆగవేం?

పొద్దున ఇంటికి చేరి కిటికీ బార్లా తెరిచి పడుకుంటాడు. మూసిన రెప్పల్లోంచి ఎండ ఎర్రగా దిగుతూనే ఉంటుంది. రాత్రీ లేదు, పగలూ లేదు. కంటివెలుగు శిబిరంలో తెచ్చుకున్న అద్దాలను చూసి మురిసిపోతాడు. అవి దగ్గరి అక్షరాల కోసం, నా కోసం కాదు.

నేను విభజన చెందను. నేను పోతే నా చోటు ఖాళీ. రేపు ఆయన నేత్రదానం చేసినా, కార్నియాకు ఇంకొకరి కంట్లో రెండో జన్మ దొరుకుతుంది. రెటీనాను అలా మార్చి అతికించే వైద్యం ఇంకా లేదు. పరిశోధనకు పనికొస్తే సరేసరి, లేకపోతే చెత్తబుట్టే.

అందుకే ఓ మనవి. చాయ్ బండి మానెయ్యమనను, పిల్లల ఫీజులున్నాయి. పగలు పడుకునేటప్పుడైనా ఆ కిటికీకి ఓ మందపాటి పరదా కట్టించు, సామీ!